బడి వార్షికోత్సవానికి టెంట్ హౌస్: షామియానాకి సరే, మైకుకి వద్దు

కంచరపాలెంలో మా స్కూల్ వార్షికోత్సవానికి ఈసారి పేరెంట్స్‌నే కాదు, చుట్టుపక్కల వీధులవాళ్ళందర్నీ పిలిచాం. షామియానా, కుర్చీలు, మైకు అన్నీ ఒకే టెంట్ హౌస్‌కి అప్పజెప్పాం. పేరు రాయను, తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

ఓనరు ముందురోజే వచ్చి గ్రౌండ్ చూశాడు. "మేడమ్, సాయంత్రం గాలి ఇటునుంచే కొడతాది, స్టేజీ అటు తిప్పేద్దాం" అన్నాడు. తిప్పించాడు. పక్క గుడ్డలు ఎగరకుండా అడుగున ఇసక బస్తాలు కట్టించాడు. పెద్దవాళ్ళకి ముందు వరసల్లో చేతుల కుర్చీలు వేయించాడు. అది మేం అడగనేలేదు!

తేడా కొట్టింది మైకు దగ్గర. తప్పెటగుళ్ళ బృందం గుండెలకి రేకు తప్పెట్లు కట్టుకుని గెంతుతూ వాయిస్తుంటే, ఆపరేటర్ కుర్రాడు ఎకో పెంచేసి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. పాటలో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆ తప్పెట్లకి అసలు మైకెందుకు, పాడేవాళ్ళ ముందు పెడితే చాలదూ? చెప్తే "ఇలాగే బావుంటాది మేడమ్" అంటాడు. వెనక వరస నుంచి ఒక మామ్మగారు లేచి అరిస్తే గానీ తగ్గించలేదు.

రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ వాడకూడదు కదా, కాస్త ముందే ఆపమన్నాం. ఆ మాట మాత్రం విన్నాడు.

బిల్లులో ముందు చెప్పని ఆటో కిరాయి కలిపారు. గట్టిగా అడిగితే తీసేశారు. షామియానా, కుర్చీలకి మళ్ళీ వాళ్ళనే పిలుస్తాను, మైకు మాత్రం వేరేవాళ్ళకే.