గాల్డోస్ చేతిరాత ప్రతులు: స్క్రీన్ మీద చదవాలా, మాడ్రిడ్ వెళ్లి చూడాలా?

బెనితో పెరెస్ గాల్డోస్ (1843–1920) స్పెయిన్ చరిత్రనే 46 నవలలుగా రాసిన మనిషి. ఆయన చేతిరాత ప్రతులు చాలావరకు మాడ్రిడ్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటిని రెండు రకాలుగా చదవొచ్చు.

ఖర్చు: గ్రంథాలయం స్కాన్ చేసి పెట్టిన ప్రతులు ఉచితం. మాడ్రిడ్ వెళ్తే విమానం, వీసా, బస.

శ్రమ: స్కాన్లకు ఇంట్లో కూర్చుంటే చాలు, అక్షరాలను పెద్దవి చేసుకోవచ్చు. అసలు ప్రతి కావాలంటే ముందు పరిశోధకుల కార్డు తీసుకోవాలి. డిజిటల్ ప్రతి ఉన్నప్పుడు అసలు కాగితం ఎందుకు కావాలో కూడా చెప్పాల్సి రావచ్చు.

రిస్క్: స్కాన్ వల్ల పాత కాగితానికి హాని లేదు. చేతులు తగిలిన కొద్దీ అది నలుగుతుంది. నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద విషయం.

అయితే స్కాన్‌లో అందనివీ ఉంటాయి. కాగితం మందం, సిరా రంగులో తేడా, కొట్టివేత కింద దాగిన మాట. గాల్డోస్ పాత చిత్తుప్రతి కాగితాల వెనకవైపే కొత్తగా రాసేవారు. ఆ రెండు వైపులూ కాగితం తిప్పి చూస్తే నవల ఎలా మారిందో కళ్లకు కడుతుంది.

ఇంకో సంగతి: ఆయన నవల 'ఫోర్తునాతా ఇ హసింతా' చేతిరాత ప్రతి మాడ్రిడ్‌లో లేదు, అమెరికాలో హార్వర్డ్‌లో ఉంది. దానికోసం మాడ్రిడ్ టికెట్ కొనకండి.

కథ, భాష, దిద్దుబాట్లు చాలనుకుంటే స్కాన్లు. సిరా, కాగితం మీద థీసిస్ రాస్తుంటే మాడ్రిడ్. ఆయన పెరిగిన వాతావరణం కావాలంటే మాత్రం స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్‌లో ఆయన పుట్టిన ఇంట్లోని మ్యూజియానికి వెళ్లండి.