తప్పు కోర్టుదా, కె.దా? ‘ది ట్రయల్’ను ఎలా చదివితే మేలు?

ఫ్రాంజ్ కాఫ్కా నవల ‘ది ట్రయల్’ ఎవరికి ఇచ్చినా, తిరిగి ఇచ్చేటప్పుడు నన్ను ఒకటే అడుగుతారు: ‘ఇంతకీ అతను చేసిన తప్పేంటి?’ కథానాయకుడు యోసెఫ్ కె. ముప్పయ్యో పుట్టినరోజు పొద్దున్నే అరెస్టవుతాడు. ముప్పై ఒకటో పుట్టినరోజు ముందు రాత్రి రాళ్ల క్వారీలో కత్తిపోటుకు చనిపోతాడు. నేరమేంటో చివరిదాకా ఎవరూ చెప్పరు.

తప్పంతా కోర్టుదే అనేది అందరికీ ముందు తోచే జవాబు. పాస్‌బుక్కులో పేరు మార్పించడానికి తిరిగినవాళ్లకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. కోర్టు జడ్జీల బొమ్మలు గీసే చిత్రకారుడు టిటొరెల్లి కె.కి మూడు దారులు చూపిస్తాడు. ఒకటి, పూర్తి విడుదల. అది ఎవరికైనా దొరకడం తను ఎప్పుడూ చూడలేదంటాడు. రెండోది పైపై విడుదల, మళ్లీ ఎప్పుడైనా పట్టుకుపోవచ్చు. మూడోది కేసుని మొదటి మెట్టు దాటనివ్వకుండా సాగదీస్తూ ఉండటం. వాయిదాల మీద వాయిదాలు చూసినవాళ్లకి ఆ మూడోది చదువుతుంటే గుండె గుభేలుమంటుంది. ఇరవయ్యేళ్లప్పుడు నేనూ ఇలాగే చదివాను. నాన్న పెన్షన్ కాగితాల కోసం ఒక ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని, పేజీ పేజీకీ కోపంతో.

తప్పు కె.లోనే ఉందనేది రెండో జవాబు. ఇది చెబితే చాలామంది నొచ్చుకుంటారు, బాధితుణ్ణే తప్పుపడతావా అని. కానీ కథలో కోర్టు అతన్ని ఎక్కడా కట్టెయ్యదు. అరెస్టయిన రోజే తను పనిచేసే బ్యాంకుకి వెళ్లి పని చేసుకోమంటారు. ఆదివారం విచారణకి రమ్మంటారు, టైము మాత్రం చెప్పరు. తొమ్మిదింటికి వెళ్దామని అతనే అనుకుంటాడు. పది దాటాక చేరితే, గంటా ఐదు నిమిషాల క్రితమే రావాల్సిందని మందలిస్తారు. తన మనసులో పెట్టుకున్న టైము వాళ్లకెలా తెలిసింది? చర్చిలో పాదిరీ కూడా, కోర్టుకి నీతో పనేమీ లేదు, వస్తే రానిస్తుంది, పోతే పోనిస్తుంది అంటాడు.

దేవుడి కోణంలో చదివేవాళ్లున్నారు. కాఫ్కా స్నేహితుడు మాక్స్ బ్రాడ్ ఆ దారిలోనే వెళ్లాడు. 1914 జులైలో కాఫ్కాకి ఫెలీస్ బౌవర్‌తో నిశ్చితార్థం చెడిపోవడాన్ని ఇందులో వెతికేవాళ్లూ ఉన్నారు. తెలుసుకుంటే మంచిదే, కానీ నవల పట్టు వాటిలో లేదనిపిస్తుంది.

నాకు తేల్చేసింది మాత్రం బ్యాంకు. కె. అక్కడ పెద్ద అధికారి. ఒక చలికాలం పొద్దున ముఖ్యమైన పనిలో ఉన్నానని చెప్పించి, కింది ఉద్యోగులెవర్నీ లోపలికి పంపొద్దని అటెండరుకి చెప్పి, గదిలో కూర్చుని తన కేసు గురించే ఆలోచిస్తుంటాడు. చివరికి టిటొరెల్లి దగ్గరికి బయల్దేరి తలుపు తీస్తే ముగ్గురు ఖాతాదారులు బయట. ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నారు. ఇంకోసారి రండని చెప్పి, కోటు వేసుకుని వెళ్లిపోతాడు. అటక మీది కోర్టు ఆఫీసుల్లో, బెంచీల మీద నిందితుల్ని చూసి జాలిపడింది ఈ మనిషే. తన గది ముందూ అలాంటి వరండానే ఉందని అతనికి తట్టదు.

అదే బ్యాంకులో, పాత సామాన్ల గదిలో, తన ఫిర్యాదు వల్లే, తనని అరెస్టు చెయ్యడానికి వచ్చిన ఇద్దరు కాపలావాళ్లు కొరడా దెబ్బలు తింటారు. అరుపు బయటికి వినిపిస్తుందన్న భయంతో తలుపు మూసేస్తాడు. మర్నాడు తెరిస్తే అంతా నిన్నటిలాగే ఉంది. మళ్లీ మూసేసి, ఆ గది శుభ్రం చెయ్యండని అటెండర్లకి చెబుతాడు.

కాఫ్కాకి ఈ వైపు బాగా తెలుసు. 1908 నుంచి 1922 దాకా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో పనిచేశాడు. అంటే దెబ్బ తిన్నవాళ్ల కాగితాలు వచ్చిపడే చోట. నాకూ ఉద్యోగం వచ్చి, నా టేబుల్ ముందు జనం నిలబడటం మొదలయ్యాకే ఈ పేజీలు కనిపించాయి. కోర్టు దోషం వీటివల్ల తగ్గదు, కె. అమాయకత్వమే నిలవదు. అందుకే నా మొగ్గు రెండో జవాబుకే.

మొదటిసారి చదివేవాళ్లు కోర్టు మీద కోపంతోనే చదవండి, ఆ కోపం లేకపోతే పుస్తకం ముందుకు సాగదు. రెండోసారి తీస్తే టిటొరెల్లి అధ్యాయాన్ని బ్యాంకు గది బయట నిలబడ్డ ఆ ముగ్గురి వైపు నుంచి చదివి చూడండి.