మా అమ్మతో బెంగళూరు తోటల టూర్: 1,600 పెట్టొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, టూర్ నడిపే వాళ్ళ పేరు రాయట్లేదు. ఇద్దరు కుర్రాళ్ళు, ఉద్యోగాలు చేసుకుంటూ శని ఆదివారాల్లో నడుపుతున్నారు, ఇంకా నిలదొక్కుకోలేదు. నేను పెట్టే నాలుగు తిట్లు వాళ్ళని జీవితాంతం వెంటాడడం నాకిష్టం లేదు. అయినా ఈ టైపు టూర్లు ఇక్కడ ఇప్పుడు చాలానే మొదలయ్యాయి కదా, పాత బెంగళూరు పేట వీధుల్లో నడక, మిద్దెతోటలో భోజనం, కాలనీ తోటలో మట్టి పని అని, ఎవరి దగ్గర బుక్ చేసినా పనికొస్తుందని రాస్తున్నా.

సంక్రాంతికి మేం ఊరెళ్ళి వస్తూ వస్తూ అమ్మని వెంటబెట్టుకొచ్చాం. మాది తాడిపత్రి దగ్గర పల్లె. అమ్మకి బెంగళూరు అంటే మా బీటీఎం లేఅవుట్ ఫ్లాట్, మాల్, ట్రాఫిక్, అంతే, రెండో రోజుకే "ఎప్పుడు బస్సెక్కిస్తావే" అని మొదలెడుతుంది. ఈసారి ఏదైనా ఆమెకి నచ్చేది చూపిద్దామని వెతుకుతుంటే ఈ టూర్ కనపడింది. తలకి 1,600. పొద్దున 6 నుంచి సాయంత్రం 4 దాకా, టిఫిన్, భోజనం, వ్యాన్ అన్నీ కలిపి. అమ్మకి 500 అని చెప్పా, ఇది చదివే మా బంధువులెవరైనా ఉంటే దయచేసి నోరు జారొద్దు.

మొదట కె.ఆర్. మార్కెట్ పూలు. ఆరింటికి అక్కడుంటే తప్ప మజా లేదు, ఆ విషయంలో టైమింగ్ కరెక్ట్. 1928 నాటి మార్కెట్ అది, కింద బేస్మెంట్ లో చామంతి గుట్టలు, కనకాంబరాలు, మరువం, దవనం, పైనుంచి ఫొటో తీసే జనం, కింద బుట్టలు నెత్తిన పెట్టుకుని తోసుకుంటూ పోయే జనం. అమ్మ దిగీ దిగగానే బేరం మొదలుపెట్టింది. చామంతి దండ ఎంత అంటే పూలమ్మే ఆమె 80 అంది. మూర 80 అంటే దోపిడీ కాదా అని అమ్మ వాదన, ఆమె మాత్రం మారు, మారు అంటోంది. కన్నడలో మారు అంటే మన బార అంట! రెండు చేతులూ చాపి ఇంత పొడుగు కొలిచి ఇచ్చేసరికి అమ్మ మొహం చూడాలి. ఆ దండ రోజంతా భుజం మీద వేసుకుని తిరిగింది, పెళ్ళి నుంచి వస్తున్నట్టు.

అక్కణ్ణుంచి నడిచే దూరంలోనే తిగళరపేట, ధర్మరాయస్వామి గుడి. నన్నడిగితే టూర్ మొత్తంలో వాళ్ళు బాగా ఆలోచించి పెట్టిన స్టాప్ ఇదే. తిగళులంటే తరతరాలుగా పూలు, కూరగాయలు పండించే వాళ్ళు. ఇప్పుడు కంఠీరవ స్టేడియం ఉన్న చోట ఒకప్పుడు సంపంగి చెరువు ఉండేది, దాని చుట్టూ వీళ్ళ తోటలుండేవి. ఊరికి కూరలూ పూలూ పంపిన ఆ చెరువు పోయి స్టేడియం వచ్చింది, పక్కన చిన్న గుంటలాంటిది మిగిలింది. కానీ బెంగళూరు కరగ పండగ జరిపేది ఇప్పటికీ తిగళులే, ఆ తంతులో కొంత ఇప్పటికీ ఆ మిగిలిన నీళ్ళ దగ్గరే జరుగుతుంది. చైత్ర పౌర్ణమి రాత్రి ఆ కులం మగాయన ఆడవేషంలో, మల్లెపూలతో గోపురంలా కట్టిన కరగ కుండని నెత్తిన పెట్టుకుని బయల్దేరతాడు, చుట్టూ కత్తులు పట్టుకుని వీరకుమారులు. మస్తాన్ సాబ్ దర్గాకి కూడా వెళ్ళి వస్తుంది ఆ ఊరేగింపు. ఈ ధర్మరాయస్వామి గుళ్ళో అమ్మవారెవరో తెలుసా, ద్రౌపది. "ద్రౌపదికి గుడేందిమే" అని అమ్మ నన్ను గిల్లింది, తర్వాత గైడ్ కథ చెప్తుంటే ముందుకెళ్ళి నిలబడింది. తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ నాకు కరగ అంటే ట్రాఫిక్ డైవర్షన్ అనే తెలుసు, సిగ్గేసింది కొంచెం. ఆ అబ్బాయి కథ చెప్పడం చాలా బాగుంది, బట్టీ పట్టినట్టు లేదు, అడిగిన ప్రశ్నకి ఆగి జవాబిచ్చాడు.

టిఫిన్ ఓకే. ఇడ్లీ బాగుంది, సాంబార్ లో బెల్లం, అంతకన్నా రాయడానికేం లేదు.

ఇక్కణ్ణుంచి నా గోల మొదలు. తర్వాతి స్టాప్ లాల్‌బాగ్. రిపబ్లిక్ డే ఫ్లవర్ షో నడుస్తున్న ఆదివారం! బెంగళూరులో ఒక్క ఏడాది ఉన్న వాళ్ళెవరైనా ఆ రోజు ఆ వైపు వాహనం వేసుకెళ్తారా? కె.ఆర్. మార్కెట్ నుంచి లాల్‌బాగ్ కి మెట్రోలో మధ్యలో ఒకే ఒక్క స్టేషన్, నేషనల్ కాలేజీ. అదెక్కితే పది నిమిషాల్లో దిగేవాళ్ళం. వీళ్ళేమో వ్యాన్ లో మైకుంది, దారిలో కథలు చెప్పొచ్చు అని 18 మందినీ అందులో కుక్కి గంటా పది నిమిషాలు కూర్చోబెట్టారు, మైకు సగం దారిలోనే పోయింది. లోపల గ్లాస్ హౌస్ దగ్గర క్యూ తిరుపతిలా ఉంది, సరే వదిలేద్దాం అని ఒక చెట్టు కింద నిలబెట్టి 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు, 240 ఎకరాలు, అది ఇది అని గబగబా అప్పచెప్పేశాడు, పొద్దున తిగళరపేటలో మాట్లాడిన మనిషేనా అనిపించింది. 300 కోట్ల ఏళ్ళ నాటి బండ, కెంపేగౌడ గోపురం కట్టింది దాని మీదే, అది ఎదురుగా కనపడుతుంటే ఎక్కించకుండా తీసుకొచ్చేశారు. ఈ స్టాప్ పూర్తిగా దండగ. ఫ్లవర్ షో మామూలుగా జనవరి, ఆగస్టుల్లో ఉంటుంది, ఆ రోజుల్లో ఏ టూర్ లో లాల్‌బాగ్ ఉన్నా డేట్ మార్చుకోండి.

దీనివల్ల పదకొండింటికి చేరాల్సిన మిద్దెతోటకి పన్నెండు దాటాక చేరాం. జయనగర్ లో పాత ఇల్లు, రిటైరయిన ఆంటీ ఒకావిడ, మేడ మీద గ్రో బ్యాగులు, పాత పెయింట్ డబ్బాలు, పగిలిన టబ్బులు, ఏది దొరికితే అందులో ఏదో ఒకటి పెంచేస్తోంది. వంకాయ, టమాటా, మెంతికూర, గోడవారగా బీరపాదు, చిక్కుడు. ఒక మూల మట్టికుండలు మూడు ఒకదాని మీద ఒకటి, చెత్తని ఎరువు చేసే డైలీ డంప్ వాళ్ళ కంబ అంట, ఇక్కడే బెంగళూరులో పుట్టిన కంపెనీ. వంటింటి చెత్త పైకుండలో వేసి మీద ఎండాకులో కోకోపీటో (కొబ్బరిపొట్టు) చల్లడం, నిండితే కిందకి మార్చడం. మా ఫ్లాట్ లో నేను ట్రై చేస్తే కంపు కొట్టి పక్కింటావిడతో గొడవ దాకా వెళ్ళింది కాబట్టి అదే అడిగా. తడి ఎక్కువైంది, గాలి ఆడలేదు, ఎండాకు డబుల్ వెయ్యి, కొంచెం పుల్ల మజ్జిగ చల్లు అంది. రెండు నిమిషాల్లో తేల్చేసింది, నాకు 1,600లో ఒక 400 అక్కడే వసూలైంది.

ఆంటీ పేరుపేరునా చూపిస్తోంది, దంటిన సొప్పు, మెంత్య సొప్పు, సబ్బసిగె సొప్పు అని. అమ్మ నా చెవిలో "సొప్ప ఏందిమే, వీళ్ళు గొడ్లని కూడా మేపుతారా మిద్దె మీద" అంది. మాకు సొప్ప అంటే జొన్నసొప్ప, ఎద్దులు తినేది. వీళ్ళకి ఆకుకూర. నేను నవ్వాపుకోలేక చస్తుంటే ఆంటీ విని, ఆమెకి తెలుగు వచ్చు, తనూ నవ్వి అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ మేమెవ్వరం గుర్తులేం. అమ్మ పితికిపప్పు అంటే ఆమె హితకబేళె అంటుంది, రెండూ ఒకటే, నానబెట్టి తొక్క పితికిన అనపగింజలు. మన పాలు వాళ్ళకి హాలు, మన పులి వాళ్ళకి హులి అయినట్టే ఇదీ. మొక్కలకి పోసే జీవామృతం దగ్గరికొచ్చేసరికి మాత్రం అమ్మ టీచర్ అయిపోయింది. ఆంటీ పేడ ఆన్‌లైన్ లో తెప్పిస్తుందంట, ఎండిపోయిన పిడకల్లా వస్తాయి, వాటినే నీళ్ళలో నానబెట్టి వేస్తోంది. అమ్మ తల పట్టుకుంది. పచ్చిపేడ కావాలమ్మా, నాటావుదైతే మంచిది, పంచితం, బెల్లం, శెనగపిండి, చెట్టు కింద గుప్పెడు మట్టి, నీడలో రెండు రోజులు పెట్టి పొద్దునా సాయంత్రం కట్టెతో కలపాల, ఎండిన పేడలో ఇంకేం పానముంటాది అని. గైడ్ ఫోన్ తీసి రికార్డ్ చేసుకున్నాడు, అది నాకు నచ్చింది. (తర్వాత ఆ వీడియో వాళ్ళ పేజీలో పెట్టారు, అమ్మనడక్కుండానే. అది నచ్చలేదు. చెప్తే తీసేశారు లెండి.)

కానీ చూడండి, 18 మంది ఒక మేడ మీద. ఇద్దరు నడిస్తే మూడో మనిషికి దారి లేదు. రీల్ కోసం ఒకమ్మాయి వంగమొక్కకి ఆనుకుంటే కాయలున్న కొమ్మ పటుక్కున విరిగింది, ఇంకొకతను అడక్కుండా టమాటా కోసి కొరికేశాడు, వాళ్ళ పిల్లాడు కొళాయి విప్పి వదిలేశాడు. ఆంటీ పర్లేదు పర్లేదు అంటూనే ఉంది, ఆ మొహం పర్లేదు మొహం కాదు. అమ్మే కొంగు అంచు చింపి కొమ్మకి కట్టు కట్టింది. గైడ్లు ఎక్కే ముందే రెండు రూల్స్ చెప్పొచ్చు, మెట్ల దగ్గర తొమ్మిదేసి మందిని విడగొట్టొచ్చు, ఏదీ చెయ్యలేదు.

భోజనం దగ్గర నాకు ప్రాణం పోయిన సీన్. అరిటాకులో రాగిముద్ద, అవరెకాళ్ళ సారు (అనపగింజల చారు), మెంతికూర పల్య (పొడికూర), పెరుగు, అద్భుతంగా ఉంది, మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాం. ఆకు మడుస్తూ అమ్మ అందరి ముందూ, "మీకెంతిస్తారక్కా వీళ్ళు?" అని అడిగేసింది. నేను అరిటాకు కింద దూరిపోదామనుకున్నా. ఆమె మామూలుగానే చెప్పింది, ఒక టూర్ కి 1,500, వంట సరుకులు వేరే ఇస్తారు అని. 1,600 ఇంటూ 18, మీరే వేసుకోండి. 28,800. వ్యాన్, టిఫిన్, వంట సరుకులు, అన్నీ తీసేసినా తోటంతా చూపించి, నాలుగు కొమ్మలు విరగ్గొట్టించుకుని, ఇల్లు కడుక్కునే మనిషికి మా ఒక్కరి టికెట్ అంత కూడా రాలేదు. ఆ కుర్రాళ్ళు తలొంచుకుని తిన్నారు. మోసం అనను నేను, లెక్క వేసుకోలేదు అంతే, కానీ వేసుకోవాలి కదా. రెండున్నర గంటలు ఆమె ఇల్లు, ఆమె చేతి పని మీదే నడిచింది ఆ టూర్.

చివరిది కాలనీ తోట, జేపీ నగర్ వైపు. పార్కు పక్కన చెత్త పోసే జాగా, చుట్టుపక్కల ఇళ్ళ వాళ్ళు కలిసి శుభ్రం చేసి, చెరువు పూడికమట్టి తోలించి మడులు చేసుకున్నారు. రాలిన ఆకులు తగలబెట్టకుండా వైరు జాలీ తొట్లలో వేసి ఎరువు చేస్తారు. గంటన్నర అనుకున్నది పాతిక నిమిషాల్లో ముగించారు, మట్టి పని అని బ్రోచర్లో ఉన్నది తలా ఒక పాలకూర నారు గుచ్చి ఫొటో దిగడం. అక్కడి మేడం ఒకావిడ స్పీచ్ ఇచ్చింది, కమ్యూనిటీ, ఐకమత్యం అని. గోడ మీద నీళ్ళ డ్యూటీ చార్టు ఉంది, సగం గడులు ఖాళీ. కింద ఎవరో పెన్నుతో రాశారు, చిక్కుడుకాయలు కోసింది ఎవరో వాళ్ళే చెప్పండి అని కన్నడంలో. నేనైతే ఆ స్పీచ్ ఆపి ఆ చిక్కుడుకాయల కథ చెప్పమని అడిగేదాన్ని, టైం లేదు.

అమ్మ కనపడట్లేదని చూస్తే వెనకాల కొళాయి దగ్గర మాలీ పక్కన కూర్చుని ఉంది. రాయచూరు వైపు మనిషి, తెలుగు ధారాళంగా వచ్చు, డబ్బా విప్పుకుని తింటున్నాడు. చార్టులో ఖాళీ గడుల నీళ్ళన్నీ పోసేది ఆయనే. మందారానికి పిండినల్లి పురుగు పడితే ముందు నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టి కడిగి, తర్వాత వేపనూనె సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొడతాడంట, ఎండలో కొడితే ఆకు మాడుద్ది అని. బీరకి పువ్వులొచ్చి కాయ కాకపోతే ఆడపువ్వు వెనక చిన్న పిందె ఉంటుంది చూడమ్మా, మగపువ్వు తెంపి దానికి రాయి అని నాకు చూపించాడు. ఆయన్ని టూర్ లో ఎవరూ పరిచయం చెయ్యలేదు. ఆయన గోంగూరని పుండి అంటాడు, ఇక్కడ మట్టిలో పులుపు రావట్లేదని బాధ, అమ్మేమో మా ఎర్రగోంగూర ఇత్తనం పంపిస్తా చూడు అని మాటిచ్చేసింది.

నా లెక్క 5కి 3. తిగళరపేటకి, ఆంటీ భోజనానికి పూర్తి మార్కులు. లాల్‌బాగ్ తీసేసి, మెట్రోలో తిప్పి, జనాన్ని పదికి తగ్గించి, ఆంటీకి సరిగ్గా ఇచ్చి, మాలీని ముందు నిలబెట్టి మాట్లాడిస్తే 2,000 అడిగినా నేనిస్తా. మీరు బుక్ చేసేటప్పుడు రెండే అడగండి, ఎంతమంది, తోట వాళ్ళకి ఎంత. చెప్పకుండా నసిగితే వదిలేయండి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ఆగాలి, మిద్దె మెట్లు చాలా నిటారుగా ఉన్నాయి, దారిలో బాత్రూం టిఫిన్ హోటల్లోనూ ఆంటీ వాళ్ళింట్లోనూ తప్ప ఎక్కడా లేదు. తోటలు మాత్రమే కావాలంటే ఊట ఫ్రమ్ యువర్ తోట అని మిద్దెతోట వాళ్ళ సంత ఒకటి పెడుతుంటారు ఈ ఊళ్ళో, విత్తనాలు, నారు, పనిముట్లు అన్నీ దొరుకుతాయి, దానికెళ్ళండి. ఊట అంటే భోజనం, మన నీటి ఊట కాదు.

ఇదంతా కుర్రాళ్ళకి మెసేజ్ పెట్టా. నోటెడ్ అక్కా అని, నెక్స్ట్ టూర్ కి 10 శాతం కూపన్ పంపారు. కరగ రాత్రికి స్పెషల్ వాక్ ఉందంట, ఆలోచిస్తున్నా. అమ్మ ఊరెళ్ళి మూడు వారాలైంది, గోంగూర విత్తనాలు బస్సు పార్సిల్ లో పంపింది, రోజూ ఫోన్ చేసి మాలీకి ఇచ్చినావా అని అడుగుతోంది. పొట్లం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.