10×50 బైనాక్యులర్స్: మేడ మీద నాలుగేళ్ల వాడకం

2020 డిసెంబరు 21న గురుడూ శనీ పక్కపక్కకు వచ్చాయి కదా, 1623 తర్వాత అంత దగ్గరగా రావడం అదే. దానికోసం కొన్నాను ఈ బైనాక్యులర్స్: పది రెట్లు పెద్దగా చూపిస్తాయి, ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు. శని వలయాలు కనబడతాయని ఆశపడితే మాత్రం కొనకండి. కాస్త సాగిన చుక్కలా ఉంటుంది, అంతే. గురుడి ఉపగ్రహాలు కనబడతాయి, చెయ్యి వణక్కపోతే. మోచేతులు పిట్టగోడకి ఆనించాలి.

ఇది నిజంగా పనికొచ్చింది 2021 మేలో. హైదరాబాద్‌లో రెండో వేవ్, లాక్‌డౌన్. మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఆంటీ పోయారు. చూడ్డానికి వెళ్లనివ్వలేదు ఎవర్నీ. రాత్రి ఎనిమిదింటికి నలుగురం మేడెక్కేవాళ్లం, మాస్కులతో, ఎడంగా. చూసినవాళ్లు బైనాక్యులర్స్ ట్యాంకు దిమ్మె మీద పెట్టి జరిగితే, ఇంకొకరు వచ్చి తీసుకునేవారు. మాస్కులోంచి ఊపిరి తగిలి కంటిదగ్గర అద్దం ఊరికే మసకేసేది.

అంకుల్ వారం రోజులు దూరంగా కుర్చీలో కూర్చునేవారు. ఒకరోజు అడిగారు: "మా ఆవిడది పుష్యమి, బాబూ. అదెక్కడుంటుంది?"

పడమట, కర్కాటకంలో. మా ఊరి వెలుతురులో వట్టి కంటికి అక్కడేమీ ఉండదు. దీంట్లోంచి చూస్తే పుష్యమి పక్కనే చుక్కల గుంపు, గుప్పెడు నూకలు చల్లినట్టు. ఆయన దించలేదు. మేమూ అడగలేదు. చాలాసేపటికి "ఇన్నున్నాయా!" అన్నారు.

ఆ తర్వాత రోజూ వచ్చేవారు. పుష్యమి రోజురోజుకీ కిందికి దిగిపోతోందని ఆయనకి బెంగ. జూన్ 23న కుజుడు సరిగ్గా ఆ గుంపులోకి వచ్చాడు. మబ్బు ఓ పది నిమిషాలు విడిచింది. ఆ కాసేపట్లోనే అంకుల్ అన్ని ఫ్లాట్లకీ ఫోన్లు కొట్టేశారు, "పైకి రండి, తొందరగా!" అని. నైటీల మీద చున్నీలు వేసుకుని మరీ వచ్చారు జనం.

ఇక లోపాలు. అప్పట్లో ప్రతి చేతికీ మధ్య శానిటైజర్‌తో తుడిచేశాం, కంటి రబ్బరు జిగురు తేలింది. అద్దానికి మాత్రం స్పిరిట్ తగలనివ్వకండి. వానాకాలం బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టాలి. నడినెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది, చాప వేసుకోండి. ఒకసారి కిందపడి, రెండు కళ్లకీ కనబడే బొమ్మలు ఒకటిగా కలవడం మానేశాయి. రిపేరుకి పదిహేను వందలు, అంకులే ఇచ్చారు. పడేసిందీ ఆయనే లెండి.

ఐదుకి నాలుగు చుక్కలు.