టెంపెస్ట్ 165: సెకండ్‌హ్యాండ్ సీ కయాక్‌తో కొన్నేళ్లు

సియాటిల్ చుట్టుపక్కల పాత సీ కయాక్ (సముద్రంలో తెడ్డుతో నడిపే సన్నటి పడవ) కొనేవాళ్లు ముందు అడిగేది ఏ ఏడాదిది, అడుగున గీతలు ఎన్ని అని. నన్నడిగితే ముందు అందులో కూర్చుని చూడాలి. గీతలతో పడవ మునగదు. తుంటి దగ్గర వదులుగా ఉంటే మాత్రం పక్కనుంచి అల తగిలినప్పుడు మనం ఒకవైపు, పడవ ఇంకోవైపు.

నాది వైల్డర్‌నెస్ సిస్టమ్స్ వాళ్ల టెంపెస్ట్ 165, పాలిథీన్‌తో చేసింది. పొడవు 16.5 అడుగులు, వెడల్పు 21.5 అంగుళాలు. దీనికంటే కాస్త పెద్దది 170. పాతవాటిలో నాకు ఎక్కువగా కనిపించింది అదే, బేరం కూడా బాగా కుదిరేది. కానీ నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. 170లో మోకాళ్లు డెక్‌కి, అంటే పడవ పైకప్పుకి, ఆనలేదు, అందుకే వదిలేశాను. 165లో పాదాలు, తొడలు, తుంటి మూడూ ఆనాయి. ఒక మోకాలు కొద్దిగా ఎత్తితే చాలు, పడవ ఆ మాటే వింటుంది.

కొత్తదాని ధరలో సగం కూడా పెట్టలేదు కాబట్టి రిపేర్లకు సిద్ధపడే తెచ్చుకున్నాను. తేగానే గార్డెన్ పైపుతో వెనక అరలో నీళ్లు నింపి చూశా. ఆ అరకి అడ్డుగోడగా ఉండే ఫోమ్ బల్క్‌హెడ్ అంచునుంచి, మనం కూర్చునే కాక్‌పిట్‌లోకి చుక్కలు పడ్డాయి. పాలిథీన్‌కి ఎపాక్సీ, మామూలు సిలికోన్ సరిగ్గా అంటవు. పాత జిగురంతా గీకి, స్పిరిట్‌తో తుడిచి, లెక్సెల్ అనే సీలెంట్ రెండువైపులా పూశాను. ఇప్పటికీ చుక్క రాలేదు. ఎండకి సాగిపోయిన డెక్ తాడు, బంగీలు (సాగే తాళ్లు) మొత్తం మార్చేశా. అది ఒక సాయంత్రం పని, అంతే.

అసలు టైమ్ పట్టింది తుంటికి రెండు పక్కలా బిగువు కోసం పెట్టే ప్యాడ్‌లకే. మినీసెల్ అనే ఫోమ్ దిమ్మ తెచ్చి కత్తితో కోసి, గరుకు కాగితంతో రుద్ది, కూర్చుని చూసి, మళ్లీ రుద్ది... వెంటనే అంటించకుండా ముందు టేప్ వేసుకుని నీళ్లలో తిరిగి చూడటం మంచిది. గరాజ్‌లో హాయిగా ఉన్న ప్యాడ్ గంట తెడ్డు వేశాక కాలు తిమ్మిరెక్కిస్తుంది. నీళ్లు చొరబడని డ్రైసూట్ తొడుక్కునే కొలత చూసుకోవాలి. సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ నీళ్లు ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాయి, ఆ సూట్ లేకుండా నేను దిగను. బోల్తా పడితే చెయ్యి పెట్టి నెట్టుకోకుండానే బయటికి జారిపోవాలి, అంతకంటే బిగువు వద్దు.

పక్కగాలికి ఈ పడవ ముక్కు గాలివైపే తిరగబోతుంది. వెనక అడుగున ఉండే చిన్న రెక్క, స్కెగ్, కొంచెం దించితే దారిలో పడుతుంది. ఆ స్కెగ్ పెట్టెలో గులకరాళ్లు ఇరుక్కోవడమే దీంతో పెద్ద విసుగు. బలవంతంగా లాగితే లోపలి కేబుల్ వంగిపోతుంది. స్కెగ్ చివర చిన్న తాడు ముడేశాను, పక్క పడవలోవాళ్లు పట్టి లాగితే వచ్చేస్తుంది.

బరువు మాత్రం ఒప్పుకోవాల్సిందే. 50 పౌండ్ల పైమాటే, ఒక్కదాన్నే కారు పైకి ఎక్కించడం నడుముకి పరీక్ష. తేలిక కావాలంటే ఫైబర్‌గ్లాస్ ఉంది. కానీ రాళ్ల ఒడ్డుమీదికి నేను దీన్ని ఈడ్చినట్టు దాన్ని ఈడ్వలేం. సామాను అరల మీది హ్యాచ్ మూతలు ఈమధ్య గట్టిపడుతున్నాయి, నీళ్లు చొరబడొచ్చు. వచ్చే సీజన్‌కి వాటిని మార్చాలి, ఈలోగా ఫోన్, తిండి డ్రైబ్యాగ్‌లోనే పెడుతున్నాను.