జాగ్రత్త! "1948 ఒరిజినల్" ఇంగ్లిష్ మగపిల్లల బట్టల కేటలాగు: అట్ట ఒకటి, లోపల ఇంకొకటి

ఎవరి గురించో విడమరచి చెప్పక్కర్లేదు. పాత కాగితాలు సేకరించేవాళ్ళ గ్రూపుల్లో వారానికోసారి "లండన్ సరుకు దిగింది" అని ఫొటోలు పెట్టి అమ్మే ఆ మహానుభావుడే. 14,500 రూపాయలు, ముందే కట్టాలి. నిన్న పార్సిలు వచ్చింది. 32 పేజీలు, అన్నీ మగపిల్లల స్కూలు బట్టలు, అట్ట మీద ఠీవిగా 1948. లోపలి పేజీలు 60ల నాటివి. అట్టయితే మొన్న మొన్నటి ఇంక్‌జెట్ ప్రింటు.

ఆరో పేజీలో బూడిదరంగు నిక్కరు. కింద "టెరిలీన్, ఉన్ని కలిపిన గుడ్డ, ఇస్త్రీ మడత చెదరదు" అని రాసుంది. టెరిలీన్ అనే ఈ పాలియెస్టర్ దారాన్ని 1941లోనే కనిపెట్టారు, కాదనను. ఐసీఐ అనే బ్రిటిష్ రసాయనాల కంపెనీ వాళ్ళ విల్టన్ ఫ్యాక్టరీలో పెద్దఎత్తున తయారీ మొదలైంది మాత్రం 1955లో. 1948లో స్కూలు కుర్రాడి నిక్కరుకి అదెక్కడిది, ఆకాశం నుంచి ఊడిపడిందా? పోనీ ధరల పక్కన కూపన్లున్నాయా అంటే అదీ లేదు. బ్రిటన్‌లో బట్టల రేషను 1941 జూన్ 1 నుంచి 1949 మార్చి 15 దాకా నడిచింది. నిజంగా 1948 కేటలాగే అయితే బ్లేజరుకీ, గాబర్డిన్ రెయిన్‌కోటుకీ ధరతో పాటు ఎన్ని కూపన్లో కూడా వేసుండాలి. యుటిలిటీ బట్టల మీద, అంటే ప్రభుత్వ కొలతల ప్రకారం పొదుపుగా కుట్టిన బట్టల మీద వేసే సీసీ41 గుర్తు కూడా, అదే, ముక్క కోసేసిన జున్ను బిళ్ళల్లా రెండు ఇంగ్లిష్ C అక్షరాలూ పక్కన 41, ఒక్క పేజీలోనూ లేదు. ఆర్డరు ఫారం మీద మాత్రం నిండు పోస్ట్‌కోడు! అప్పట్లో లండన్ చిరునామా అంటే డబ్ల్యూ.1 తో సరి. నిండు కోడు 1959లో నారిచ్ అనే ఊళ్ళో ప్రయోగంగా మొదలై, దేశమంతా పూర్తయ్యేసరికి 1974 అయింది.

ఇన్ని తెలిసీ మోసపోయానంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి. ఫొటోలో 29/11 అని ధర కనిపించింది, మురిసిపోయాను. అంటే 29 షిల్లింగుల 11 పెన్నీలు, షిల్లింగుకి 12 పెన్నీలు కాబట్టి 30 షిల్లింగులకి ఒక్క పెన్నీ తక్కువ, మన బాటా రేటు లాంటిదే. కానీ షిల్లింగుల లెక్క 1971 ఫిబ్రవరి 15 దాకా నడిచింది. ఆ ధర చూసి 40ల నాటిదనుకున్న తెలివి నాది.

ఇక అసలు సంగతి. ఫోన్ చేసి, "లోపలి పేజీలు వేరే కేటలాగువండీ" అన్నాను. తొణక్కుండా చెప్పాడు: "అట్ట మీద 1948 అని ఉంది సార్, నేనదే రాశాను. లోపల ఏ సంవత్సరమో నేను రాశానా? చదువుకున్నవాళ్ళు, మీరే చూసుకోవాలి." డబ్బు వెనక్కిమ్మంటే నవ్వాడు. "చెడ్డీల బొమ్మలకి ఇంత గొడవేంటి సార్!" అన్నాడు. 14,500 పుచ్చుకునేటప్పుడు అవి "అరుదైన చారిత్రక పత్రాలు". ఇప్పుడు చెడ్డీల బొమ్మలు! ఆ మాటతో ఫోన్ పెట్టేసి నంబరు బ్లాక్ చేశాడు.

కొనేవాళ్ళకి నాలుగు ముక్కలు. డబ్బు కట్టకముందే మధ్య పేజీ విప్పి పిన్నుల ఫొటో తీయమనండి. నా దాంట్లో పిన్నులు తళతళా మెరుస్తున్నాయి, వాటి పక్కనే పాత పిన్నుల చిల్లులు, చుట్టూ తుప్పు మరక. అట్టకి మాత్రం ఆ చిల్లులూ లేవు, మరకా లేదు. చేతికొచ్చాక పదిరెట్ల భూతద్దంతో చూడండి. ప్రెస్సులో అచ్చేసిన ఫొటో అయితే చుక్కలు వరసగా ఉంటాయి, ఇంక్‌జెట్ అయితే చిలకరించినట్టు చెదిరి ఉంటాయి. దొంగనోట్లు చూసే యూవీ లైటు వేయండి. నీలంగా వెలిగితే తెల్లదనం కోసం రసాయనం కలిపిన కాగితం, 1950కి ముందు అది దాదాపు లేదు. పత్రికలోంచి చించిన ప్రకటన అంటే వెనక వైపు తప్పకుండా అడగండి. పిక్చర్ పోస్ట్ అనే బ్రిటిష్ బొమ్మల వారపత్రిక పేజీ అని చెప్పి వెనక ఖాళీగా ఉంటే అది రీప్రింటే. ఆ పత్రిక 1957లోనే ఆగిపోయింది కాబట్టి "1960 పిక్చర్ పోస్ట్ ప్రకటన" అన్నా నమ్మకండి, అలా కూడా అమ్మాడు.

ఇవాళ పొద్దున ఇంకోటి పెట్టాడు, "1946 స్కూలు టోపీల కేటలాగు, ఒక్కటే పీసు" అని. ఫొటో పెద్దది చేసి చూశాను. పిన్నులు మెరుస్తున్నాయి.