వాషర్ డ్రయర్‌లో నీళ్లు వేడెక్కట్లేదా? బోర్డు మార్చాలంటే ఒప్పుకోకండి, ముందు ఇది చదవండి

రూ. 13,800 పోయాక తెలివొచ్చింది నాకు. మీకు ఆ ఖర్చు తప్పుతుందేమోనని రాస్తున్నా.

మాది ఎనిమిది కిలోల ఫ్రంట్ లోడ్, వారంటీ ఎప్పుడో దాటింది. పోయిన నెల 60 డిగ్రీల మీద దుప్పట్లు వేస్తే టైమర్ గంటా పది దగ్గర ఆగిపోయి కదల్లేదు. తలుపు అద్దం మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. డ్రయర్ మాత్రం భేషుగ్గా నడుస్తోంది. "హీటర్ బాగానే ఉన్నట్టుందే, మరి నీళ్లెందుకు కాగట్లేదు?" అని సర్వీస్ కుర్రాడికి నేనే మాట అందించాను. "అవును సార్, పీసీబీ పోయింది" అన్నాడు వెంటనే. పీసీబీ అంటే మిషన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు. హీటర్ జోలికే పోలేదు. బోర్డు మార్చి, పాతది సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి మళ్లీ చన్నీళ్లే. ఫోన్ చేస్తే, "అయితే హీటర్ కూడా పోయినట్టుంది సార్, ఇంకో 4,200 అవుతుంది" అన్నాడు.

ఒళ్లు మండి, మా వీధి చివర గీజర్లు బాగుచేసే పెద్దాయన్ని పిలిచాను. "ఇందులో హీటర్లు రెండుంటాయి బాబూ. నీళ్లది డ్రమ్ము అడుగున, గాలిది పైన" అన్నాడు. ప్లగ్గు పీకి, వెనక రేకు విప్పి, హీటర్ వైర్లు తీసి మల్టీమీటర్ (కాయిల్ తెగిందో లేదో ఓమ్‌లలో చూపించే మీటరు) పెట్టాడు. 2000 వాట్లదైతే దాదాపు 26 ఓమ్‌లు చూపించాలట. మాది ఏమీ చూపించలేదు, లోపల కాయిల్ తెగిపోయింది. బయటికి లాగితే రాడ్డే కనపడలేదు, పెచ్చులు పెచ్చులుగా సున్నం! మాది బోరు నీళ్లు లెండి. సున్నం పట్టాక వేడి నీళ్లలోకి పోక, కాయిల్ లోపల్లోపలే మాడిపోతుందట. నీళ్ల వేడి కొలిచే సెన్సర్‌ని కూడా వేణ్నీళ్ల గ్లాసులో ముంచి, ఓమ్‌లు తగ్గుతున్నాయో లేదో నా కళ్లముందే చూశాడు. అది బాగానే ఉంది. కొత్త హీటర్, కూలీ కలిపి 2,300.

ఎవర్నీ పిలవకముందు మీరే చూసుకోగలిగేది ఒకటుంది. ఏసీ, గీజర్, ఫ్రిజ్ ఆపేసి 60 డిగ్రీల ప్రోగ్రాం పెట్టండి. నీళ్లు నిండిన ఐదు నిమిషాలకు కరెంటు మీటరు మీద ఎర్ర లైటు చూడండి. గీజర్ వేసినప్పటిలా టకటకా కొట్టుకుంటే హీటర్ నడుస్తున్నట్టే. ఎప్పుడో ఒకసారి మెరిస్తే దానికి కరెంటు అందట్లేదు, లేదా అది తెగిపోయింది. రెంటిలో ఏదో మల్టీమీటరే చెప్పాలి. మిషన్ మాత్రం మీరు విప్పకండి, నీళ్లూ కరెంటూ పక్కపక్కనే ఉంటాయి.

బోర్డులు అసలు పోవని కాదు, బోర్డు మీద హీటర్‌కి కరెంటు వదిలే స్విచ్చు, అంటే రిలే, కాలిపోయే కేసులూ ఉన్నాయి. కానీ హీటర్ రీడింగ్ చూపించేదాకా బోర్డుకి రూపాయి కట్టకండి. మార్చాక పాత పార్టు అక్కడే అడిగి తీసుకోండి. నేను తర్వాత అడిగితే "కంపెనీకి పంపేశాం సార్" అంటున్నారు. బిల్లు మీద కొత్త బోర్డు సీరియల్ నంబర్ కూడా వేయలేదు. 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు పెట్టాను, ఇంకా ఏదీ తేలలేదు.